కొట్టేయని పేరు

పోయిన శనివారం వాన వెలిసాక కిందికి దిగితే, మా బ్లాకు కింద ఖాళీ జాగాలో పాత సామాన్లు కొనే ముసలాయన బండి ఆపుకుని ఉన్నాడు. ఎవరింట్లోంచో వచ్చిన టెలిఫోన్ డైరెక్టరీలు నాలుగు తాడుతో కట్టి బండి మీద పెట్టాడు. పూర్తిగా తడిసిపోయాయి. ఆ పలచటి కాగితం తడిస్తే ఒక రకం వాసన వస్తుంది. దినపత్రిక వాసన కాదది. కొంచెం పులుపు, కొంచెం బూజు, కొంచెం జిగురు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటది ముడుచుకుంది. వేలు నాలుకతో తడి చేసుకుని పేజీ తిప్పితే, మణికట్టు మీద చెక్క స్కేలుతో చిన్న దెబ్బ వేసేది మంగమ్మ ఆంటీ. ఆవిడ పోయి మూడేళ్ళు దాటింది. వేలు మాత్రం ఇంకా భయపడుతూనే ఉంది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా అనుమానాల గురించి చెప్పుకోవాలి. బ్యాంకుకు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. తప్పు ఉండే ఉంటుందనుకుని మొదలుపెడితేగాని ఆ పని సాగదు. అయితే ఆ బుద్ధి ఉద్యోగంతో వచ్చింది కాదు, మా మామ్మ నుంచి వచ్చింది. మా నాన్న తండ్రి అప్పలస్వామి విజయనగరం దగ్గర పల్లెలో బట్టలు కుట్టేవాడు. ఇద్దరు పిల్లలు పుట్టాక సింగపూర్ వెళ్ళాడు. మూడేళ్ళపాటు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత వేరే చేతిరాతతో ఒక కార్డు వచ్చింది. అప్పలస్వామి జ్వరంతో ఆసుపత్రిలో చనిపోయాడు, దహనం అయిపోయింది, ఇట్లు గవరయ్య. అంతే. ఆ గవరయ్య ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా ఆ ఒక్క కార్డు పట్టుకుని తాతగారి అన్న, మేము పెదతాత అనే ఆయన, ఇరవై ఎనిమిదేళ్ళ మా మామ్మ బొట్టు చెరిపించి గాజులు తీయించాడు.

మామ్మ ఆ కార్డును చచ్చేదాకా నమ్మలేదు. ఏటా తద్దినం రోజున గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. "బతికున్నోడికి పిండాలేటర్రా" అని లోపలినుంచి అరిచేది. నా చిన్నతనమంతా ఆ మాట వింటూనే పెరిగాను. నాకు సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసి అందరూ సంతోషపడుతుంటే, మా పెద్దత్త ఒక్కతీ నన్ను పక్కకు పిలిచింది. ఆవిడ నాన్నకు అక్క, కార్డు వచ్చేనాటికి తొమ్మిదేళ్ళ పిల్ల. "ఎల్తన్నావు కదా, ఆ కార్డు నిజవో కాదో కనుక్కోయే" అంది. మామ్మ బతికున్న భర్తకు విధవరాలై నలభై ఏళ్ళు గడిపిందా లేదా అన్నది ప్రశ్న. దానికి జవాబు నా చేతిలో పెట్టి విమానం ఎక్కించారు.

వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు ఎవరెవరినో అడిగి ఊరుకున్నాను. ఒక ఉగాదికి, తెలుగువాళ్ళు పెట్టుకున్న సభలో భోజనాల వరసలో నిలబడి పక్కావిడతో ఈ సంగతి చెబుతుంటే, వెనకనుంచి ఒక పెద్దావిడ కలగజేసుకుంది. పొట్టిగా, నెరిసిన జుట్టు మెడదాకా కత్తిరించుకుని, చీర కట్టి, చేతికి మగవాళ్ళ గడియారం పెట్టుకుని ఉంది. ఆవిడే మంగమ్మ ఆంటీ.

"ఇంటిపేరుతో వెతికావా?"

"అవునండీ."

"అందుకే దొరకలేదు. ఇక్కడి టెలిఫోన్ పుస్తకంలో తెలుగోళ్ళకి ఇంటిపేరు ఎక్కడిది లా? తండ్రి పేరేంటి?"

"సన్యాసి."

"అయితే 'సనాసి' అయ్యుంటుంది. ఆదివారం మకాన్ చేసుకుని మా ఇంటికి రా."

మకాన్ అంటే భోజనం. 'లా' ఇక్కడివాళ్ళు మాట చివర చేర్చే ఊతపదం. ఆవిడ తాతల కాలంలో వచ్చిన కుటుంబం. తెలుగు ఇంట్లోనే నేర్చుకుంది. మాటల్లో మలయ్, తమిళం కలిసిపోయేవి. ముక్కూమొహం తెలియని మనిషికి ఇంత సాయం చేయాల్సిన అవసరం ఈవిడకేముంది అన్నది నాకు మొదట తట్టిన ఆలోచన. బీమా పాలసీ అంటగడుతుందేమో అనుకున్నాను. ఆదివారం జురాంగ్ వెస్ట్‌లో ఆవిడ ఫ్లాటుకు వెళ్ళేటప్పుడు, అరగంట తర్వాత ఫోన్ చేసి నన్ను పిలవమని మా ఆయనకు చెప్పి మరీ వెళ్ళాను. తప్పించుకోవడానికి ఒక వంక ఉండాలి కదా.

ఆవిడ చీరల బీరువా తెరిచి చూపించింది. అందులో చీరలు లేవు. పై అరనుంచి కింది అరదాకా టెలిఫోన్ డైరెక్టరీలు, ఒక్కోదానికి ప్లాస్టిక్ అట్ట. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆవిడ ఉద్యోగం ఆ పుస్తకంలో పేర్లు చేర్చడం, తీసెయ్యడం, అచ్చుతప్పులు దిద్దడం. ఆఫీసువాళ్ళు పాతవి పారేసినప్పుడల్లా కొన్ని ఇంటికి తెచ్చుకుంది. అందులో తాను ఉద్యోగంలో చేరకముందువి కూడా ఉన్నాయి. "సుమ్మా ఉంటాయని తెచ్చుకున్నా" అంది. ఊరికే ఉంటాయని బీరువా నిండా ఎవరైనా పుస్తకాలు పెట్టుకుంటారా? ఆ మాటనూ అనుమానంగానే దాచుకున్నాను.

మొదటి ఆదివారం ఒక్క పుస్తకం కూడా తెరవనివ్వలేదు. పాత క్యాలెండరు కాగితం తిప్పి, అప్పలస్వామి అనే పేరును ఎన్ని రకాలుగా తప్పు రాయవచ్చో రాయమంది. నేను నాలుగు రాశాను. ఆవిడ స్కేలుతో టేబుల్ మీద కొట్టి, "పేరు చెప్పినవాడు తెలుగోడు. విన్నవాడు చీనావాడు. రాసుకున్నవాడు మలయాళీ. అచ్చేసినవాడికి కళ్ళజోడు లేదు. ఇంకా రాయి" అంది. కాగితం నిండింది. అప్పల్సామి, అపలసామి, ఆపిల్‌తో మొదలయ్యేది కూడా ఒకటి. ఆ తర్వాత వారాల్లో మిగతావి ఒక్కొక్కటే నేర్పింది. పుస్తకం అచ్చుకు వెళ్ళేది ఎన్నో నెలల ముందు కనక, అందులో ఉన్నది ఆ ఏటి సంగతి కాదు, అంతకుముందు ఏటి సంగతి. ఒక ఏడాది పేరు కనిపించకపోతే మనిషి పోయాడని కాదు, ఆ ముందూ ఆ తర్వాతా చూడాలి. ఇల్లు మారితే నంబరు మారుతుంది, ఇల్లు అదే అయితే మనుషులు మారినా నంబరు ఉండిపోవచ్చు. కాఫీ తాగుతూ చెప్పేది, కప్పు మాత్రం పుస్తకానికి మూరెడు దూరంలో.

నాలుగో ఆదివారం దొరికాడు. సన్నటి అక్షరాల్లో ఒకే ఒక్క వరస. అపలసామి, సనాసి కొడుకు, టైలర్, సెరంగూన్ రోడ్డు పక్కన ఒక సందు, నంబరు. నేను పుట్టకముందే పోయిన, ఒక్క ఫోటో కూడా లేని మనిషి అచ్చులో కనిపించేసరికి ఆ వరసను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆంటీ స్కేలును ఆ వరస కింద పెట్టి పట్టుకుంది, పారిపోతాడేమో అన్నట్టు. తర్వాతి పుస్తకం తీశాం. ఉన్నాడు. ఆ తర్వాతిది కార్డు వచ్చిన ఏడాదిది. అందులోనూ ఉన్నాడు. ఆ తర్వాతి ఏడాది, ఆపై ఏడాది, అలా కార్డు వచ్చాక ఆరేళ్ళదాకా తాత తన దుకాణంలో, తన పేరుతో, తన ఫోనుతో ఉన్నాడు.

"బతికే ఉన్నాడు ఆంటీ! మామ్మ చెప్పిందే నిజం. దొంగ కార్డు రాయించి ఇక్కడ హాయిగా ఉన్నాడు."

"పుస్తకం ఆ మాట అందా?"

"పేరుందిగా?"

"పేరే ఉంది. ఈ పేరు కొట్టెయ్యమని ఎవరూ రాలేదు. పుస్తకం చెప్పేది అంతే. మీ అత్తకి ఫోన్ చెయ్యకు ఇప్పుడే."

సరిగ్గా అక్కడే నాకు ఆవిడ మీద అనుమానం గట్టిపడింది. దొరికినదాన్ని కాదనడమెందుకు? అత్తకు చెప్పొద్దనడమెందుకు? గవరయ్య అనే పేరు నేను మొదటిసారి చెప్పినప్పుడు, రెండుసార్లు మళ్ళీ అనిపించుకుంది కూడా. పైగా బీరువా చివర ఒక పుస్తకం నీలం గుడ్డలో చుట్టి ఉండేది. ఒకసారి దాని మీద చెయ్యి వేయబోతే, "అది నీకక్కర్లేదు" అని తలుపు మూసేసింది. అన్నీ కలుపుకుని నేనొక కథ అల్లుకున్నాను. తాత ఇక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఈవిడ ఆ సంసారంలో పుట్టిన కూతురు, నేను ఎంతవరకు వచ్చానో కనిపెట్టడానికే నన్ను దగ్గర పెట్టుకుంది. మూడు ఆదివారాలు ఆవిడ మొహంలో మా నాన్న ముక్కు కోసం వెతికాను. ఒకరోజు ఉన్నట్టే అనిపించింది కూడా.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతుంటే, బీరువా తెరిచి నీలం గుడ్డ విప్పాను. తాత కాలం పుస్తకం కాదు, చాలా ఏళ్ళ తర్వాతిది. ఒక పేజీ మధ్యలో దారప్పోగు ఉంది. ఆ పేజీలో ఒక పేరు పక్కన పెన్సిలుతో చుక్క. రాజు అనే మనిషి, క్వీన్స్‌టౌన్‌లో ఒక ఫ్లాటు. నాకు అర్థం కాక మళ్ళీ చదువుతుంటే వెనక అలికిడైంది. ఆంటీ రెండు కప్పులతో నిలబడి ఉంది.

"దొరికాడా మీ తాత?"

సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఆవిడ కప్పులు బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడలేదు.

"రాజు మా ఆయన" అంది. "ఓడ మీద పనికని వెళ్ళాడు. తిరిగి రాలేదు. అప్పటికి నాకు ముప్ఫై రెండు. ఏటా మార్పుల కాగితాలు నా బల్ల మీదికే వచ్చేవి. ఎవరి పేరు ఉంచాలి, ఎవరి పేరు కొట్టెయ్యాలి అన్నది నా పని. మా ఇంటి కాగితం వస్తే అన్నిటికన్నా అడుగున పెట్టేదాన్ని. పదకొండేళ్ళు అలాగే ఉంచా. పుస్తకం చూసినవాళ్ళకి మంగమ్మ మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. ఆయన పేరున్న ఆఖరి పుస్తకం ఇది. తర్వాతి ఏడు నేనే ఎర్ర పెన్సిలు పెట్టి కొట్టేశా."

పుస్తకానికి నీలం గుడ్డ మళ్ళీ చుట్టింది. తర్వాత ఆవిడే లేచి పాత పుస్తకాలు మళ్ళీ బల్ల మీదికి తెచ్చింది. "అందుకే చెబుతున్నా. మీ తాత పేరు వదిలెయ్. నంబరు పట్టుకో." ఇన్ని వారాలూ, కార్డు వచ్చాక ఏడో ఏటి పుస్తకంలో తాత పేరు లేదని చూసి, నేను అక్కడే ఆగిపోయాను. ఆ పుస్తకంలో అదే సందు, అదే నంబరు ఇంకో పేరు మీద దొరికేసరికి సాయంత్రమైంది. ఇంగ్లీషు అక్షరాల్లో 'గౌరయ్య' అని ఉంది. గవరయ్యే. నేను ఆ పేరు చెప్పిన రోజునుంచీ, దాన్ని ఎన్ని రకాలుగా రాస్తారో ఆవిడ తన నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉందట. రెండుసార్లు అనిపించుకున్నది అందుకు.

ఇక అక్కడినుంచి గవరయ్య వెంట పడ్డాం. సందులోంచి తోవా పాయోలో ఒక ఫ్లాటుకు మారాడు. పుస్తకం తర్వాత పుస్తకం అక్కడే ఉన్నాడు. బీరువాలో ఉన్న ఆఖరి పుస్తకంలో కూడా ఉన్నాడు. "ఇప్పటి నంబరు కావాలంటే ముందు ఆరు అంకె చేర్చు, తర్వాత అన్నిటికీ అలాగే మార్చారు" అంది ఆంటీ. నాకు నవ్వొచ్చింది, ఇన్నేళ్ళ తర్వాత అది మోగుతుందా అని. మోగింది. ఒక పెద్దావిడ గొంతు ఎత్తింది. ఆంటీ తమిళంలో మొదలుపెట్టి నాలుగు మాటలు అన్నదో లేదో, "స్కామ్ కాల్ ఆ? పోలీస్‌కి చెప్తా" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ పెట్టేసింది. మూడోసారి ఆంటీ ఉపోద్ఘాతం లేకుండా, "అపలసామి టైలర్" అని మాత్రం అంది. ఈసారి ఫోను పెట్టలేదు.

ఆవిడ పేరు లలిత, గవరయ్య కూతురు. తర్వాతి వారం మంగమ్మ ఆంటీతో కలిసి వెళ్తే ఇనుప గేటు తాళం తియ్యకుండానే పది నిమిషాలు ప్రశ్నలు వేసింది. నా గుర్తింపు కార్డు చూసింది. తాత తండ్రి పేరు చెప్పమంది. నాకు ఆవిడను చూస్తే ముచ్చటేసింది, నాలాంటి మనిషే అని. లోపల కూర్చున్నాక, తమిళం కలిసిన తెలుగులో చెప్పింది. తాతా గవరయ్యా ఒకే గదిలో ఉండేవారు. తాత దగ్గరే గవరయ్య కుట్టుపని నేర్చుకున్నాడు. తాత జ్వరం పడి పది రోజుల్లో పోయాడు.

"మరి ఆరేళ్ళు ఫోను ఆయన పేరునే ఎందుకుంచారు?" అని అడిగాను. నా గొంతులో ఇంకా లాయరు ఉన్నాడు.

"బోర్డు మీద ఆ పేరే కదా. కస్టమర్స్ ఆ పేరే అడిగేవాళ్ళు. పేరు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్ చూపించాలి. అది చూపించాలంటే అప్పాకి మనసు రాలే. నా పెళ్ళి దాకా అప్పా ఆ కథే చెప్పేవాళ్ళు."

ఆవిడ లోపలికెళ్ళి ఒక ఫోటో తెచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ శవయాత్రకు ముందు ఫోటో తీయించేవారట. పాడె మీద పూలదండలతో ఒక మనిషి, చుట్టూ పది పన్నెండుమంది, తల దగ్గర చేతులు కట్టుకుని కుర్రగవరయ్య. పడుకున్న మనిషి ముక్కు మా నాన్న ముక్కు. వెనక తెలుగులో తేదీ ఉంది. పెద్దత్త చెప్పిన కార్డు తేదీకి రెండు రోజుల ముందు.

"అప్పా రెండు లెటర్లు వేశారు" అంది లలిత ఆంటీ. "ముందు కార్డు. తర్వాత కవరు, ఈ ఫోటో ఇంకో కాపీ పెట్టి. రిప్లై రాలే."

రెండో ఉత్తరం! దాని సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. తిరుగు రైల్లో నేను ఆగలేకపోయాను. "పెదతాతే దాచుంటాడు. ఆ ఫోటో చూపించి ఉంటే మామ్మ నలభై ఏళ్ళు ఎదురుచూసేది కాదు. పొలం పంపకాలో ఏవో ఉండుంటాయి. ఆయనదే ఈ పని" అని ఊగిపోతున్నాను. మంగమ్మ ఆంటీ కిటికీలోంచి చూస్తూ అంతా విని, "నువ్వు చూశావా?" అంది.

"చూడక్కర్లేదు, తెలుస్తూనే ఉంది."

"తాత మీద అనుమానపడ్డావు, తప్పయింది. నా మీద పడ్డావు, అదీ తప్పయింది. ఇప్పుడు చచ్చిపోయిన ఇంకో ముసలాయన. మీ మామ్మ మీద ఒక్కసారైనా పడ్డావా?"

"మామ్మ మీద ఎందుకు?" అన్నాను.

"నీకు సగమే చెప్పాను ఆ రోజు" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "మా ఆయన వెళ్ళిపోయిన మూడో ఏడే నాకు కబురొచ్చింది. ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని, పిల్లాడు కూడా పుట్టాడని. చూసినవాళ్ళే వచ్చి చెప్పారు. తెలిసే ఇంకా ఎనిమిదేళ్ళు ఆ పేరు ఉంచా. తెలియక కాదమ్మా. తెలిసిందని ఒప్పుకుంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పెద్దత్తకు ఫోన్ చేశాను. కార్డు నిజమేనని, తాత అప్పటికే పోయాడని చెప్పాను. ఆవిడ "సరే" అంది. పాడె, పూలదండలు, తల దగ్గర చేతులు కట్టుకున్న కుర్రాడు అని ఫోటో గురించి చెబుతుంటే ఊ కొట్టడం ఆపేసింది. లైను తెగిందేమో అనుకున్నాను.

"అత్తా?"

"ఆ పొటో మా ఇంట్లో ఉండీదే" అంది పెద్దత్త. "అమ్మ పెట్టెలో, పెళ్ళి చీర కింద. సిన్నప్పుడు నాను సూసినాను. పడుకున్నోడు ఎవులమ్మా అనడిగితే, ఎవులో పరాయోడు, నీకెందుకు, పెట్టె ముయ్ అంది. మళ్ళా ఎప్పుడూ కనబడనేదు." అంతలోనే, "నాను కూడా మరిసిపోనాను సూడు" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మామ్మను ఎవరూ మోసం చెయ్యలేదు. ఏటా గదిలో తలుపేసుకుని అరిచిన ఆవిడకు అంతా తెలుసు. తెలిసి, ఆ మనిషిని నలభై ఏళ్ళు ఒంటరిగా బతికించుకుంది.

ఆ తర్వాత ఆరేళ్ళపాటు, పని ఉన్నా లేకపోయినా, జురాంగ్ వెస్ట్‌కు ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఆవిడ పోయేముందు పుస్తకాలన్నీ నాకిచ్చింది, నీలం గుడ్డది తప్ప. అది ఏమైందో అడగలేదు. నా అనుమానాలు నన్ను వదిలిపోయాయని చెప్పను. ఉద్యోగంలో వాటితోనే బతుకుతున్నాను. కానీ ఒక కాగితం ముందు కూర్చున్నప్పుడు, ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేశారు అని కాకుండా, దీన్ని ఇలా వదిలేసింది ఎవరు, వాళ్ళకు ఏం కష్టమొచ్చి వదిలేశారు అని అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా దగ్గరికి కూడా అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పేరు పట్టుకుని వస్తుంటారు. పోయిన నెల తువాస్ నౌకల యార్డులో వెల్డింగు పని చేసే శ్రీకాకుళం ఆయన, నలభై దాటిన మనిషి, సెలవు రోజున చోవా చూ కాంగ్‌లో మా ఇంటిదాకా వచ్చాడు. వాళ్ళ ముత్తాత ఇక్కడే ఎక్కడో తప్పిపోయాడట. మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర కూర్చున్నాం. నేను పుస్తకాలు తెస్తానేమోనని ఆయన నా చేతుల వంక చూస్తున్నాడు. "ముందు మీ అమ్మగారికి ఫోన్ చెయ్యండి" అన్నాను. "ఆయన గురించి ఏమైనా విన్నారేమో అడగండి. నిలదీయకండి. చెప్పినంతే వినండి."

ఆయన ఫోన్ కలిపాడు. అటునుంచి ఒక ముసలావిడ గొంతు, "ఏటి నాయనా, ఇయ్యాల పన్లేదా" అని వినిపించింది. నేను లేచి, మాటలు వినపడనంత దూరం వెళ్ళి నిలబడ్డాను.